దుమ్ములగొండి వెంట్రుక

నలభై రెండేళ్ళు వచ్చాక మగమనిషికి కొత్తగా ఒక సరదా పుట్టిందంటే ఇంట్లోవాళ్ళు కాస్త కనిపెట్టి ఉండాలి. శేషాద్రి విషయంలో ఎవరూ ఉండలేదు. పేకాట కాదు, గుర్రప్పందేలు కాదు. పాపం, నీళ్ళరంగులతో అడవి జంతువుల బొమ్మలు వేసుకుంటున్నాడు, వేసుకోనీ అనుకున్నారు.

కడప జిల్లా నుంచి వచ్చి యూనివర్సిటీ పరీక్షల విభాగంలో గుమాస్తాగా చేరి అతనికి పన్నెండేళ్ళు. తార్నాకలో రెండు గదుల అద్దె ఇల్లు, భార్య వెంకటలక్ష్మి, లేక లేక పుట్టిన మూడేళ్ళ కూతురు చెన్నమ్మ, ఇంట్లో చెన్ని. పన్నెండేళ్ళలో అతను చేసిన పనికి ఒక్కరూ ‘భేష్’ అన్న పాపాన పోలేదు. చిన్నప్పుడు పలక మీద పులిని గీస్తే వాళ్ళ నాన్న ఆ పలకతోనే నెత్తి మీద మొట్టాడు. ఆ పులి అలాగే లోపల ఉండిపోయి నలభై దాటాక బయటికొచ్చింది.

నేర్పేది రాజలింగం. జంతుశాస్త్ర శాఖలో ముసలి అటెండరు. వాళ్ళ తాతలు ఊరూరా పటం విప్పి కథ చెప్పేవాళ్ళకు బొమ్మలు గీసిచ్చిన నకాషీలు. ఆఫీసు వదిలాక రోజూ గంటసేపు శాఖ మ్యూజియంలో పాఠం. అక్కడ అద్దాల పెట్టెల్లో, గడ్డి కూరి నిలబెట్టిన ఎలుగుబంటి, చిరుత, కణుజు, మూలన ‘హైనా’ అని చీటీ అంటించిన ఒక దుమ్ములగొండి ఉండేవి. గదంతా కర్పూరం ఉండల వాసన, దాని కింద పాత తోలు వాసన.

“నీళ్లను తొందరపెట్టకు సారూ,” అనేవాడు రాజలింగం. “కాయిదాన్ని తాగనీయ్. తాగినంక రంగు పెట్టు, అది పోయేకాడికి పోతది. తెల్లరంగు జోలికి పోకు. తెలుపు కాయిదానిదే. యాడ మెరవాలెనో గాడ ముట్టకుండ ఇడిచిపెట్టు.”

చెప్పడం తేలిక. శేషాద్రి వేసిన ఎలుగుబంటి గొంగడి కప్పుకున్న ముసలమ్మలా వచ్చింది. చిరుతను చూసి వెంకటలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చెన్ని అయితే దాన్ని చూపించి ‘మ్యావ్’ అంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అతను తప్పంతా కుంచె మీద వేశాడు. కానీ సరదా తగ్గలేదు సరికదా, పెరిగింది. రంగు తడి కాగితంలోకి మెల్లగా పాకేటప్పుడు అతనికి ఒళ్ళు జలదరించేంత ఆనందం కలిగేది. అంత ఆనందం పెళ్ళిలో కూడా కలగలేదని ఒకసారి రాజలింగంతో అన్నాడు.

అతనికి కావలసింది దుమ్ములగొండి. వీపు మీద నిక్కబొడుచుకున్న జూలు, పక్కల మీద చారలు, ఏదో తప్పు చేసొచ్చి నవ్వుతున్నట్టుండే మూతి. ఆరుసార్లు వేశాడు. ఆరుసార్లూ ఊరకుక్కే వచ్చింది.

అరవై తొమ్మిది వేసవిలో ప్రత్యేక రాష్ట్రం గొడవలు ముదిరాయి. కాలేజీలు మూతపడ్డాయి, ఆఫీసులు తెరిస్తే తెరిచినట్టు, లేకపోతే లేదు. కాంపస్ అంతా గాలి తప్ప మనిషి లేడు. రాజలింగం ఊరికి పోతూ మ్యూజియం తాళాల గుత్తి శేషాద్రి చేతిలో పెట్టాడు.

“నాలుగు దినాలల్ల వస్తా. బొమ్మలు గీసుకో సారూ. పెట్టెలు మాత్రం తెరువకు. వాటిని ముట్టకు. కుళ్లకుండ విషం పూసి ఆపిన తోళ్లు గవి.”

“నాకెందుకన్నా వాటి జోలి?” అన్నాడు శేషాద్రి. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మ్యూజియంకు పోయి కూర్చున్నాడు. కాగితం తడిపాడు, చారలు వేశాడు. జూలు దగ్గరికొచ్చేసరికి కుంచె మొన విడిపోయి చీపురైంది. కోఠీలో దుకాణాలన్నీ బందు. రాజలింగం తన కుంచెలు తానే చేసుకుంటాడు. ఉడుత తోక వెంట్రుకలు నాలుగు తీసి, దారంతో చుట్టి, పావురం ఈక గొట్టంలోకి దూరుస్తాడు. ఎప్పుడూ కత్తెర తగలని వెంట్రుక అయితేనే మొన నిలుస్తుందట. ఉడుతను ఎక్కడ పట్టేది? శేషాద్రి తలెత్తి చూశాడు. మూరెడు దూరంలో, గాజు వెనక, దుమ్ములగొండి కుచ్చుతోక వేలాడుతోంది.

చిటికెడు వెంట్రుకలు. చచ్చి ముప్పై ఏళ్ళయిన జంతువుకు చిటికెడు వెంట్రుకలు తక్కువైతే ఏం కొంప మునుగుతుంది? గుత్తిలో తాళంచెవి వెతికాడు, పెట్టె తెరిచాడు, తోక అడుగున మెత్తటి చోట చూసి పీకాడు. వెంట్రుకలు అంత సులువుగా రాలేదు. బతికున్నదాన్ని పీకినట్టు కొంచెం పట్టుకుని, తర్వాత వచ్చాయి.

మధ్యాహ్నానికి కుంచె తయారైంది. అందరు బొమ్మలవాళ్ళూ చేసినట్టే మొనను పెదాల మధ్య పెట్టి నాలుకతో తడిపి తిప్పాడు. చేదుగా తగిలింది. ఉమ్మేశాడు. కుంచెను రంగులో ముంచి కాగితానికి తాకించాడు.

జూలు లేచింది.

అతను వెయ్యలేదు, అదే లేచింది అనాలి. ఒక్కో వెంట్రుకా వేరువేరుగా, గాలికి కదిలినట్టు. శేషాద్రి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి కూడా ఆగకుండా, మొనను మళ్ళీ మళ్ళీ నోట్లో పెట్టుకుంటూ, జూలంతా వేశాడు.

ఇంటికొచ్చేసరికి వెంకటలక్ష్మి గుమ్మంలోనే ఉంది. “పాప తల చూసినారా?” అంది.

చెన్ని తల వెనక రూపాయి బిళ్ళంత మేర నున్నగా ఉంది. వెంట్రుక లేదు, గాయం లేదు.

“పేనుకొరుకుడు మాదిరి ఉంది. పొద్దున తల దువ్వినప్పుడు లేదు. మధ్యాన్నం చూస్తే ఇట్ల. రాలిన వెంట్రుక ఒక్కటి గూడా కనపడలేదు, యాడికి పోయిందో. పుట్టువెంట్రుకలండీ అవి! కదిరి సామికి మొక్కుకున్న జుట్టు. ఈ గొడవల్లో రైలెక్కలేక ఆపితిమి. ఇప్పుడు సామికి ఏమిచ్చేది?”

“గురిగింజ అరగదీసి పెట్టు, వస్తుంది,” అన్నాడు శేషాద్రి. అతని మనసంతా జూలు మీదే ఉంది. బొమ్మను గోడకు ఆనించి చూసుకుంటూ అన్నం తిన్నాడు. చెన్ని వచ్చి వేలితో తాకబోతే చెయ్యి తోసేశాడు. పిల్ల ఏడవలేదు. బొమ్మ వైపు చూస్తూ, “ఏంది నాన్నా, దీనికి మూతి లేదు? ఎట్ల తింటది?” అంది.

“రేపు పెడతాను,” అన్నాడు.

రెండో రోజు అతను వెళ్ళేసరికి ఎండ మంటగా ఉంది. మాణికేశ్వర్ నగర్ వైపు నుంచి వచ్చే దారిలో ఒక్క మనిషి లేడు. మ్యూజియం లోపల మాత్రం చల్లగా ఉంది. తలుపు తియ్యగానే ముక్కుకు తగిలింది వాసన. కర్పూరం ఉండలు కాదు. ఆముదం... వెచ్చగా, ఇప్పుడే తలకు పెట్టినట్టు.

దుమ్ములగొండి పెట్టె ముందు వంగి చూశాడు. నిన్న వెంట్రుకలు పీకిన చోట బోడిగా ఉండాలి. లేదు. అక్కడ పలుచటి, మెత్తటి, కొసలు ఉంగరాలు తిరిగిన గోధుమరంగు వెంట్రుకలు మొలిచాయి. నూనెతో మెరుస్తున్నాయి. ఆ ఉంగరాలు అతనికి తెలుసు. మూడేళ్ళుగా రాత్రిపూట వాటిలో వేళ్ళు పెట్టి నిద్రపుచ్చింది అతనే.

మామూలు మనిషైతే అక్కడే కుంచె పారేసి పరుగెత్తేవాడు. శేషాద్రి చెడ్డవాడు కాదు. కూతురంటే ప్రాణం కూడా. కానీ చేతిలో ఆ కాగితం ఉంది. దానిమీద, జన్మలో మొదటిసారి అతని చేత్తో పుట్టిన నిజమైన మృగం ఒకటి మూతి కోసం ఎదురుచూస్తోంది. దుమ్ము ఏదో అంటుకుని అలా కనిపిస్తోందిలే అనుకున్నాడు. వెలుతురు అనుకున్నాడు. పెట్టె వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆ వీపు తిప్పడాన్ని నేను క్షమించను, మీరూ క్షమించవద్దు.

మూతి వేశాడు. దవడ, దాని కింద గొంతు, గొంతు మీద నల్లటి మచ్చ. కుంచెను నోట్లో పెట్టుకున్నప్పుడల్లా ఇవాళ చేదు లేదు. పాల వాసన వేసింది. పెదవి మీద చివరి గీత గీసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“నాన్నా...”

వీపు వెనక. చాలా మెల్లగా.

శేషాద్రి కదల్లేదు. కాలేజీ ఖాళీ. కారిడార్ ఖాళీ. చెన్ని ఇంట్లో ఉంది... ఇంట్లోనే ఉండాలి.

“నాన్నా... ఆకలైతుంది.”

గాజు లోపలి నుంచి వచ్చినట్టు, మూతకింద నుంచి వచ్చినట్టు ఉంది ఆ గొంతు. అతను తిరిగి చూడలేదు. బొమ్మ పట్టుకుని, తలుపు కూడా సరిగా వెయ్యకుండా, మిట్టమధ్యాహ్నపు ఎండలో తార్నాక దాకా పరుగెత్తాడు. ఇంత భయంలోనూ తడి రంగు చెదరకుండా కాగితాన్ని చదునుగా పట్టుకునే పరుగెత్తాడు.

చెన్ని మంచం మీద కూర్చుని ఉంది. తలంతా మచ్చలు మచ్చలుగా బోడి. నోరు తెరుస్తోంది, మూస్తోంది. గాలి తప్ప ఏమీ రావడం లేదు. వెంకటలక్ష్మి పిల్ల గొంతు నిమురుతూ ఏడుస్తోంది. మెట్టుగూడ దాకా నడిచి ఒక కాంపౌండరును పిలుచుకొచ్చారు. అతను చెంచాతో నాలుక నొక్కి చూసి, గొంతులో ఏమీ లేదన్నాడు. నిజమే చెప్పాడు.

మూడో రోజు శేషాద్రి కాంపస్‌కు వెళ్ళింది ఆ కుంచెను పారేయడానికే. ఇంట్లో అలా చెప్పలేదు, తనకు తాను చెప్పుకున్నాడు. పారేసేవాడైతే దారిలో ఎన్ని మురిక్కాలవలు లేవు? బొమ్మ ఎందుకు వెంట తెచ్చుకున్నట్టు?

దుమ్ములగొండి నిన్నటి చోటే ఉంది. మూతి కొంచెం తడిగా ఉంది. అతను అటు చూడకుండా కాగితం బల్లమీద పరిచాడు. జూలు, చారలు, కాళ్ళు, మూతి అన్నీ కుదిరాయి. కళ్ళ చోట మాత్రం రెండు తెల్లటి ఖాళీలు. కళ్ళు లేకపోతే అది బొమ్మా? ఆగిపోతే ఇది మళ్ళీ వస్తుందా? పిల్లకు నయమవుతుంది... పిల్లలకు ఎన్ని జబ్బులొచ్చి పోవు. కళ్ళు రెండూ పెట్టేసి, ఆ తర్వాత పారేస్తాను. ఒక్క పావుగంట.

కుంచె మొన నోట్లోకి పోయింది.

ముందు లేత పసుపు తడి. అది ఆరేలోగా అంచున గోధుమరంగు. మధ్యన నలుపు, చుక్కంత. ఆ నలుపులో మెరుపు కోసం ఆవగింజంత తెల్లకాగితాన్ని ముట్టకుండా వదిలిపెట్టాడు. రాజలింగం ఏడాదిగా చెబుతున్నది ఆ క్షణంలో అతని చేతికి అర్థమైంది. కళ్ళు అతని వైపు చూశాయి. బొమ్మలో కళ్ళు చూస్తున్నట్టు అనిపించడం వేరు. ఇవి చూశాయి. శేషాద్రి గట్టిగా నవ్వాడు, ఆ ఖాళీ గదిలో ఒక్కడే.

“ఏం పని చేసినవ్ సారూ?”

గుమ్మంలో రాజలింగం నిలబడి ఉన్నాడు. చేతిలో ఊరి మూట, మొహం నిండా చెమట. అతని చూపు బొమ్మ మీద లేదు. పెట్టెలోని తోక మీద, ఆ ఉంగరాల జుట్టు మీద ఉంది.

“కుంచె... ఎంటికెలు లేక...”

“నోట్లె పెట్టినవా?”

శేషాద్రి తలూపాడు. రాజలింగం మూట కింద పడేశాడు. దగ్గరికొచ్చి, జంతువుకు వినపడకూడదన్నట్టు చెవిలో చెప్పాడు.

“దాని ఎంటికె తీసి, నీ నోటితడి పెట్టి, దాని బొమ్మనే గీసినవ్. మా తాతలు మేకను గీయాలంటే మేక ఎంటికె ముట్టకపోదురు. నువ్వు ఏది గీస్తే అది దానికి కావాలె. గడ్డి కూరిన తోలుకు యాడికెల్లి వస్తది? నీ నోటితడి దానికెరుకైంది. నీ ఇంట్లకెల్లి తెచ్చుకుంటది. పిల్ల ఎట్లున్నది?”

“జుట్టు పోయింది. మాట పోయింది,” అన్నాడు శేషాద్రి.

“కళ్లు ఎప్పుడు పెట్టినవ్?”

“ఇప్పుడే.”

“అయితే ఇంక టైమున్నది. కడిగెయ్యి. నీళ్ల రంగే గద, కడిగితే పోతది. మొత్తం పోవాలె సారూ. చుక్క మిగలొద్దు. నేను నీళ్లు తెస్త, ఈ నల్లాల చుక్క రాదు.” బకెట్ అందుకుని ముసలాయన వరండాలోకి దాదాపు పరుగెత్తాడు.

గదిలో శేషాద్రి, బొమ్మ, వెనక ఆ పెట్టె.

కూతురి గొంతు కావాలి. జుట్టు కావాలి. కడిగేస్తాడు, ఎందుకు కడగడు? తండ్రి కదా. కానీ ఆ కళ్ళు... ప్రపంచంలో ఎవరూ చూడకముందే నీళ్ళలో కలిసిపోతాయి. మళ్ళీ ఎలుగుబంటి ముసలమ్మలా వస్తుంది. మళ్ళీ చిరుత మ్యావ్ అంటుంది. మొత్తం పోవాలన్నాడు ముసలాయన, అదంతా వాళ్ళ పల్లెటూరి భయం. జుట్టు జూలులో ఉంది, గొంతు మూతిలో ఉంది. అవి కడిగితే చాలదా?

పెన్సిళ్ళు చెక్కే సగం బ్లేడు బల్లమీదే ఉంది. వరండాలో బకెట్ చప్పుడు వినపడేలోపల, రెండు వేళ్ళ వెడల్పున, కళ్ళున్న మేరకు కాగితాన్ని కోసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చేతులు వణకలేదు. అతను జీవితంలో కోసిన అతి శుభ్రమైన కోత అది.

మిగిలింది తనే బకెట్‌లో ముంచాడు. రంగు మేఘంలా విడిపోయింది. జూలు కరిగింది, చారలు కరిగాయి. మూతి కరుగుతున్నప్పుడు పెట్టెలో నుంచి ఏదో పీల్చినట్టు శబ్దం వచ్చింది. రాజలింగం కళ్ళు గట్టిగా మూసుకుని ఏదో పేరు తలుచుకుంటున్నాడు, కాగితంలో కళ్ళ చోట కిటికీలా కోసి ఉన్నట్టు చూడలేదు. తెరిచేసరికి శేషాద్రి ఆ తడి కాగితాన్ని ఉండ చుట్టేశాడు. తోక అడుగున బోడి మచ్చ మళ్ళీ కనిపిస్తోంది. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు.

“ఇంటికి పో సారూ,” అన్నాడు రాజలింగం. “ఈ జన్మల ఇంక కుంచె పట్టకు.”

వీధి మలుపులోనే చెన్ని గొంతు వినపడింది. పాట పాడుతోంది. శేషాద్రి చెప్పులు వదిలేసి పరుగెత్తాడు. వెంకటలక్ష్మి నవ్వుతూ ఏడుస్తూ ఎదురొచ్చింది. “సామి చల్లగా చూసినాడండీ! జుట్టు చూడండి... ఉన్నట్టుండి...” పిల్ల తలనిండా ఉంగరాలు, ఎప్పటిలాగే.

“చెన్నీ!”

చెన్ని పాట ఆపింది. నవ్వింది. రెండు చేతులూ ముందుకు చాచి, అతనున్న వైపు కాక గోడ వైపు నడిచింది. గోడ తగిలి ఆగింది.

“నాన్నా, దీపం ఎందుకు తీసేసినవ్?”

ఇంట్లో పట్టపగటి ఎండ పడి ఉంది. వెంకటలక్ష్మి నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయింది. పిల్ల కళ్ళ ముందు చెయ్యి ఆడించింది. రెప్ప పడలేదు. ఆ తల్లి పెట్టిన కేక పక్కింటివాళ్ళకే కాదు, అంబర్‌పేట్ దాకా వినపడి ఉంటుంది.

శేషాద్రికి అంతా తెలుసు. మందు జేబులోనే ఉంది, నీళ్ళ కుండ వంటింట్లో ఉంది. వెళ్ళాడు. చెంబుతో నీళ్ళు ముంచాడు. జేబులోంచి ముక్క తీశాడు. పసుపు కళ్ళు, వాటిలో ఆవగింజంత మెరుపు. ఎంత బాగున్నాయి... ఈ ఒక్కటి మిగిలితే చాలు, ఇంకేమీ వద్దు. గొంతు దానంతట అదే వచ్చింది కదా, చూపు మాత్రం రాదా? ఇంకొక్క గంట చూద్దాం. చెంబు కింద పెట్టాడు. అవును, కింద పెట్టాడు. కన్నకూతురు పక్కగదిలో గోడలు తడుముకుంటూ ఉంది.

అలా ఎంతసేపు చూస్తూ కూర్చున్నాడో తెలియదు. ఏడ్చి ఏడ్చి ఇల్లు సద్దుమణిగింది. లోపలి నుంచి వెంకటలక్ష్మి గుసగుసగా అంది: “ఏమండీ... పాప పడుకునింది.”

కాగితం మీద కళ్ళు మూసుకుని ఉన్నాయి.

అతను వేసింది తెరిచిన కళ్ళు. ఇప్పుడు రెప్పలు దించి ఉన్నాయి. సన్నటి, పొడుగైన, చిన్నపిల్ల రెప్పలు. మృగానివి కావు.

అప్పుడు పగిలింది శేషాద్రి గుండె. అంతదాకా పగలనందుకు అతన్ని ఏమన్నా పాపం లేదు. “తల్లీ... తల్లీ...” అంటూ చెంబు అందుకున్నాడు. ముక్కను నీళ్ళ మీదికి తెచ్చాడు.

రెప్పలు తెరుచుకున్నాయి.

“లేచిందా?” అని లోపలికి అడిగాడు.

“లేదు...” అంది వెంకటలక్ష్మి లోపలి నుంచి, జోకొడుతూనే. “గాఢంగా నిద్రపోతా ఉంది. చప్పుడు చెయ్యొద్దండి.”

ఆ కళ్ళు అతన్ని చూడటం లేదు. అతని భుజం మీదుగా వెనక్కి, వంటింటి గుమ్మం వైపు, నేల మీదికి చూస్తున్నాయి. వెనక నుంచి కర్పూరం ఉండల వాసన వచ్చింది, దాని కింద పాత తోలు వాసన. చెంబులో నీళ్ళు వణికాయి... కాగితం మీద ఆ చూపు నేల మీదినుంచి మెల్లగా పైకి లేచింది. మోకాలి ఎత్తుకు... నడుము ఎత్తుకు... అక్కడ ఆగలేదు. అతని తల ఎత్తు దాటి, ఇంకా పైకి వెళ్తూనే ఉంది.